పాత బండ్లు – మీ ప్రశ్నలు: ఎంజీబీ గేర్ రాడ్ ఎందుకు వణుకుతోంది?

ప్రశ్న: మాది 1970 మోడల్ ఎంజీబీ రోడ్‌స్టర్ (బ్రిటిష్ ఓపెన్ టాప్ స్పోర్ట్స్ కారు), ఓవర్‌డ్రైవ్ (టాప్ గేరు పైన ఇంజిన్ వేగాన్ని తగ్గించే అదనపు గేరు) లేదు. టాప్ గేర్లో వేగం 80 కిలోమీటర్లకు చేరగానే గేర్ రాడ్ జుయ్యిమంటూ వణుకుతోంది. చేత్తో పట్టుకుంటే ఆగుతుంది, వదిలితే మళ్లీ మొదలు. క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు మార్పించాకే ఇది వచ్చింది. గేర్‌బాక్సు విప్పి బేరింగులు మార్చాలని మెకానిక్ అంటున్నారు. విప్పించమంటారా?
– ఒక పాఠకుడు, వెస్ట్ మారేడ్‌పల్లి

జవాబు: ఇప్పుడే వద్దు. ఎంజీబీలో గేర్ రాడ్ నేరుగా గేర్‌బాక్సు వెనక భాగం మీదే కూర్చుంటుంది. ఇంజిన్, క్లచ్, గేర్‌బాక్సు, ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేర్‌బాక్సు నుంచి వెనక యాక్సిల్‌కు శక్తిని తీసుకెళ్లే గొట్టం)... వీటిలో ఏది వణికినా ముందుగా తెలిసేది మీ అరచేతికే. రాడ్ వణికినంత మాత్రాన తప్పు గేర్‌బాక్సుదే అనుకోకూడదు.

ముందు తేల్చాల్సింది ఒక్కటే: వణుకు ఇంజిన్ వేగంతో వస్తోందా, బండి వేగంతో వస్తోందా? టాప్ గేర్లో ఇది తేలదు. టాప్ అంటే డైరెక్ట్ గేరు, అందులో ఇంజిన్, ప్రొపెల్లర్ షాఫ్ట్ ఒకే వేగంతో తిరుగుతాయి. ఈ బండికి టాప్‌లో వెయ్యి ఆర్‌పీఎంకు (అంటే ఇంజిన్ నిమిషానికి వెయ్యి చుట్లు తిరిగితే) దాదాపు 29 కిలోమీటర్ల వేగం వస్తుంది. కాబట్టి మీరు చెప్పిన 80 దగ్గర రెండూ సుమారు 2,800 మీదే ఉంటాయి. వాటిని విడదీసి చూడాలంటే మూడో గేరు కావాలి.

బండి నిలబెట్టి, హ్యాండ్ బ్రేక్ వేసి, న్యూట్రల్‌లో ఇంజిన్‌ను మెల్లగా 2,800 దాకా లేపండి. రాడ్ వణికిందంటే ప్రొపెల్లర్ షాఫ్ట్, చక్రాలు నిర్దోషులు, ఎందుకంటే అవి తిరగడమే లేదు. అదే ఆర్‌పీఎం మీద క్లచ్ పూర్తిగా తొక్కండి. వణుకు ఆగితే క్లచ్ ప్లేటునో, గేర్‌బాక్సు ఇన్‌పుట్ షాఫ్ట్ (క్లచ్ నుంచి శక్తి అందుకునేది), లే షాఫ్ట్ (దాంతో కలిసి తిరిగే పక్క షాఫ్ట్) బేరింగులనో అనుమానించాలి. మీ మెకానిక్ మాటకు బలం వచ్చేది ఈ ఒక్క సందర్భంలోనే. ఆగకపోతే ఫ్లైవీల్, ప్రెషర్ ప్లేటు, ఇంజిన్ మౌంటింగులు (ఇంజిన్‌ను మోసే రబ్బరు దిమ్మెలు), లేదా రాడ్ కింది చిన్న సామాను.

తర్వాత ఆదివారం పొద్దున్నే అవుటర్ రింగ్ రోడ్డు మీదికి తీసుకెళ్లండి. మూడో గేర్లో 58 దగ్గర ఇంజిన్ 2,800 తిరుగుతుంది. అక్కడ వణికితే ఇంజిన్ వైపు. 58లో వణుకు లేకుండా, అదే మూడో గేర్లో 80కి వెళ్లినప్పుడు వణికితే ప్రొపెల్లర్ షాఫ్ట్ వైపు. రూఢి చేసుకోవడానికి ఇంకొకటి: వెనక బండ్లు లేనప్పుడు 95 దాకా వెళ్లి న్యూట్రల్ చేసి, ఇంజిన్ ఆపకుండా బండిని వదిలేయండి. వేగం తగ్గుతూ 80 దాటేటప్పుడు వణుకు పలకరిస్తే షాఫ్ట్‌దే. టైర్ బ్యాలెన్సింగ్ గురించి బెంగ వద్దు. 80 దగ్గర చక్రం సెకనుకు పన్నెండు చుట్లే తిరుగుతుంది. దాని అదురు స్టీరింగ్‌లో, సీట్లో బరువుగా తెలుస్తుంది తప్ప రాడ్‌లో జుయ్యిమనదు.

చేత్తో పట్టుకుంటే ఆగుతుందన్నారు, క్లచ్ పని తర్వాతే వచ్చిందన్నారు. ఈ రెండు మాటలు కలిపి చూస్తే నాకు మొదటి అనుమానం రాడ్ కింది సామాను మీదే. ఈ కారులో క్లచ్ మార్చాలంటే ఇంజిన్ దించాలి. గేర్‌బాక్సుతో కలిపి దించితే గేర్ రాడ్ కూడా ఊడదీయాలి. రాడ్ గుండు దగ్గర ఒక చిన్న ప్లంజర్ (లోపలికీ బయటికీ కదిలే పిన్ను), దాని వెనక స్ప్రింగ్ ఉంటాయి. అవి ఉన్నది ఈ వణుకును అణచడానికే. కింది కొసకు నైలాన్ బుష్ ఉంటుంది. రాడ్ పైకి లాగినప్పుడు స్ప్రింగ్ ఎగిరి ఏ మూలకో పోతుంది, పెళుసెక్కిన బుష్ విరుగుతుంది. బిగించేవాళ్లకు అక్కడ ఏదో తక్కువైందని తెలియను కూడా తెలియదు, గేర్లు మామూలుగానే పడతాయి గనక.

న్యూట్రల్‌లో ఉంచి, నాబ్ తీసి, రబ్బరు బూటు పైకి లాగి, రాడ్‌ను పట్టి ఉంచే ప్లేటు బోల్టులు విప్పండి. రాడ్ తీయగానే ఆ రంధ్రాన్ని శుభ్రమైన గుడ్డతో మూయండి, విరిగిన బుష్ ముక్క లోపల పడితే పని పెరుగుతుంది. ప్లంజర్ వేలితో నొక్కితే లోపలికి వెళ్లి, వదలగానే తిరిగి రావాలి. పాత గ్రీజు గట్టిపడి ఇరుక్కుపోతే కిరసనాయిలుతో కడిగి కొత్త గ్రీజు పెట్టండి. స్ప్రింగ్‌ను సాగదీసి మళ్లీ వేయడం నాలుగు రోజుల ముచ్చట, కొత్తదే వేయండి. బుష్ దొరక్కపోతే లేత్ మీద ఇత్తడితో చేయిస్తుంటారు, అది మాత్రం వద్దు. ఇత్తడి వణుకును మింగదు, పైపెచ్చు అది కూర్చునే గూటిని అరగదీస్తుంది. నైలాన్ లేదా డెల్రిన్ (గట్టి ప్లాస్టిక్) రాడ్ ముక్క తెచ్చి ఇస్తే బాలానగర్‌లో ఏ లేత్ షాపులోనైనా కోసి ఇస్తారు. పాత బుష్, విరిగినదైనా సరే, కొలతకు వెంట తీసుకెళ్లండి. అందం కోసం బరువైన మెటల్ నాబ్ పెట్టించి ఉంటే దాన్ని తీసి చూడండి. నాబ్ బరువు మారితే వణికే ఆర్‌పీఎం కూడా మారుతుంది.

ఇవన్నీ సరిగా ఉండి, నిలబెట్టినప్పుడు కూడా వణుకుతుంటే మౌంటింగులు చూడాలి: ముందు ఇంజిన్‌కు రెండు, వెనక గేర్‌బాక్సు క్రాస్‌మెంబర్ (బండి కింద అడ్డంగా ఉండే దూలం) మీదివి. ఆయిల్ తాగి ఉబ్బిన రబ్బరు, లోహం నుంచి విడిపోయిన రబ్బరు పనికిరావు. కొత్తవి వేసేటప్పుడు బోల్టులన్నీ వదులుగా ఎక్కించి, ఇంజిన్ తన బరువుతో కుదురుకున్నాకే బిగించాలి. లేకపోతే రబ్బరు మెలిపడి ఉండిపోయి కొత్త మౌంటింగుతోనూ వణుకుతుంది. పాలీయురెథేన్‌వి వేయకండి, రోడ్డు కారుకు అవి మరీ గట్టి. సైలెన్సర్ ముందు పైపు క్రాస్‌మెంబర్‌కు తగులుతోందేమో కూడా చూడండి. తగిలిన చోట లోహం మెరుస్తుంటుంది. ఇవీ బాగుంటే మిగిలింది కొత్త ప్రెషర్ ప్లేటు. దాన్ని ఫ్లైవీల్‌తో కలిపి బ్యాలెన్స్ చేయించాలి, దానికి ఇంజిన్ మళ్లీ దిగాల్సిందే. అందుకే అది చివర.

పరీక్షలో షాఫ్ట్ వైపు తేలితే, బండిని స్టాండ్ల మీద ఎత్తి, షాఫ్ట్ చివర ఉండే యూనివర్సల్ జాయింట్ క్రాస్‌కు అటూ ఇటూ పట్టుకుని ఎదురెదురుగా తిప్పండి. ఏమాత్రం లూజు ఉండకూడదు. కప్పుల చుట్టూ ఎర్రటి తుప్పు పొడి కనిపిస్తే లోపలి సూది బేరింగులు ఎండిపోయినట్టే. షాఫ్ట్ విప్పే ముందు రెండు చివరలా ఫ్లాంజ్‌ల (బోల్టులు బిగించే అంచుల) మీద గుర్తు గీయించండి, బిగించేటప్పుడు అదే గుర్తుకు రావాలి. జారే భాగాన్ని విడదీస్తే రెండు చివరల యోక్‌లు (జాయింట్‌ను పట్టుకునే చీలిక కొసలు) ఒకే వరుసలో ఉండేలా కలపాలి. ఆ జారే భాగం పళ్లలో ఒకటి తప్పినా షాఫ్ట్ చుట్టుకు రెండుసార్లు అదురుతుంది.

ప్రశ్న: నా ఎంజీబీలో రాడ్ వణకదు గానీ, ఎక్సిలరేటర్ వదిలితే ఒకవైపు, తొక్కితే మరోవైపు కదులుతుంది.
– ఒక పాఠకుడు, సైనిక్‌పురి

జవాబు: ఇంజిన్, గేర్‌బాక్సు కలిసి ఊగుతున్నాయి. పైన చెప్పిన మౌంటింగులే చూడండి, వెనకవాటితో మొదలుపెట్టండి. ఆ కదలికతో పాటు గేరు కూడా జారి న్యూట్రల్‌లోకి వచ్చేస్తుంటే మాత్రం గేర్‌బాక్సు విప్పక తప్పదు.

ప్రశ్న: మా ఎంజీబీ గేర్‌బాక్సులో ఈపీ 90 గేర్ ఆయిల్ పోశారు. వణుకు దానివల్లేనా?
– ఒక పాఠకురాలు, మల్కాజ్‌గిరి

జవాబు: వణుకు దానివల్ల రాదు, కానీ ఆ ఆయిల్ మార్పించండి. ఈ గేర్‌బాక్సుకు చెప్పింది 20డబ్ల్యూ50 ఇంజిన్ ఆయిలే. ఈపీ 90 వెనక యాక్సిల్‌కు. ఓవర్‌డ్రైవ్ లేనిదానికి దాదాపు 3 లీటర్లు, ఉన్నదానికి 3.4 లీటర్లు పడుతుంది. బండి కాస్త నడిపి వేడెక్కాక, పాత ఆయిల్‌ను శుభ్రమైన తెల్లటి టబ్బులోకి దించండి. అడుగున పసుపు మెరుపు పొడిలా ఉంటే అది సింక్రో రింగుల (గేర్లు సాఫీగా పడేలా చేసే రింగులు) మామూలు అరుగుదల. చేతికి తగిలే ఉక్కు ముక్కలుంటే బండి నడపడం ఆపి, బాక్సు విప్పించండి.