మనిషి కుప్పకూలితే, 108 వచ్చేలోపు మనం సీపీఆర్ చేయొచ్చా?

చేయొచ్చు, చేయాలి కూడా. సీపీఆర్ అంటే గుండె ఆగినప్పుడు ఛాతీని పదేపదే నొక్కుతూ ఒంట్లో రక్తం ఆడేలా చేయడం. భుజాలు తట్టి గట్టిగా పిలవండి. పలకకుండా, ఊపిరి ఆడకుండా ఉంటే, లేదా చేపలా నోరు తెరుస్తూ ఎప్పుడో ఒకసారి ఎగపీలుస్తుంటే, గుండె ఆగినట్టే అనుకోండి. ఫోన్ స్పీకర్‌లో పెట్టి 108కి చేయండి. చాలామంది ఈ సమయంలో నోట్లో నీళ్లు పోస్తారు. దయచేసి వద్దు, అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

నేల మీద వెల్లకిలా పడుకోబెట్టండి. ఛాతీ మధ్యలో ఒక అరచేయి, దానిపై రెండోది పెట్టి, మోచేతులు వంచకుండా 5-6 సెంటీమీటర్ల లోతుకి, నిమిషానికి 100-120 సార్లు నొక్కండి. ప్రతిసారీ ఛాతీని పూర్తిగా పైకి లేవనివ్వండి. రెండు నిమిషాలకే చేతులు లాగేస్తాయి, పక్కవాళ్లను అందుకోమనండి. పక్కటెముక విరుగుతుందని టెన్షన్ పడి ఆపొద్దు, అది తర్వాత అతుకుతుంది.

రెడ్‌క్రాస్ వాళ్లు ప్రథమ చికిత్సలో శిక్షణ ఇస్తారు. ఎంత బలంగా నొక్కాలో బొమ్మ మీద నొక్కితేనే తెలుస్తుంది.