వాటర్ కలర్ వేస్తుంటే రంగులు మురికిగా మారుతున్నాయి, ఎందుకు?

చాలాసార్లు కారణం తొందర. నీటి మెరుపు పోయినా కాగితం ఇంకా చేతికి చల్లగా తగులుతుంటే అది ఆరనట్టే. ఆ దశలో రెండో పూత వేస్తే కింది రంగు లేచి పై రంగులో కలిసిపోతుంది. నీళ్లెక్కువున్న కుంచె తగిలితే అంచులు కాలీఫ్లవర్‌లా విచ్చుకుంటాయి కూడా. చల్లదనం పూర్తిగా పోయేదాకా ఆగండి. వేసిన చోటే కుంచెతో మళ్లీ మళ్లీ రుద్దకండి.

ఇక రంగుల కలయిక. ఎరుపు-ఆకుపచ్చ, నీలం-నారింజ, పసుపు-ఊదా జంటలు కలిస్తే బూడిద, గోధుమ ఛాయలకు పోతాయి. నీడలకు అవి చాలా బాగుంటాయి, పూలరేకులకు మాత్రం పనికిరావు. ఒక మిశ్రమంలో రెండు రంగులు చాలు, మహా అయితే మూడు. అల్ట్రామెరైన్ అనే నీలంలో కొంచెం ఎరుపు ఛాయ ఉంటుంది కాబట్టి దాంతో చేసిన ఆకుపచ్చ కాస్త మసకగా వస్తుంది. నిగనిగలాడే చిగురాకు పచ్చ కావాలంటే థాలో నీలంలో నిమ్మపసుపు కలపండి.

నీళ్లకు రెండు గ్లాసులు పెట్టుకోండి: ఒకటి కుంచె కడగడానికి, రెండోది రంగు కలపడానికి.

మామూలు డ్రాయింగ్ షీట్ తడికి ఉబ్బుతుంది, రంగంతా గుంటల్లో చేరుతుంది. ఖరీదైన రంగుల కంటే ముందు 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాములు తూగే) వాటర్ కలర్ కాగితం కొనండి.