పిల్లల మందుల పనిలో చేరుతున్న అమ్మాయికి

అమ్మాయీ,

పిల్లల మందులు తయారుచేసే జట్టులో చేరుతున్నావని మీ నాన్న చెప్పాడు. ఆ మాట నీ నోట వినాల్సింది, సర్లే. విన్నప్పట్నుంచి గర్వంగానూ ఉంది, దడగానూ ఉంది.

రూల్స్ నువ్వు చదివే ఉంటావు. యూరప్‌లో 2007 నుంచి కొత్త మందుకు పిల్లల్లో పరిశోధన ప్రణాళిక ముందే ఆమోదం పొందాలి. అమెరికాలో కొత్త మందుల్ని పిల్లల్లోనూ పరీక్షించాలనే 2003 చట్టం ఉంది. అవి నేను చెప్పక్కర్లేదు.

క్లోరాంఫెనికాల్ సంగతి మాత్రం చెప్పి తీరాలి. 1950ల్లో అది పేరున్న యాంటీబయాటిక్. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు ఇన్ఫెక్షన్ రాకూడదని ముందుజాగ్రత్తగా ఇచ్చేవారు. కొద్దిరోజులకే బిడ్డ పాలు మానేసేది, పొట్ట ఉబ్బేది, ఒళ్లు చల్లబడి బూడిదరంగుకు తిరిగేది. చాలామంది దక్కలేదు. అంత చిన్న ప్రాణం పోతే నెలలు నిండలేదు కదా అని సరిపెట్టుకోవడం ఎంత తేలికో ఆలోచించు. మందు పడిన పిల్లల్నీ పడని పిల్లల్నీ పక్కపక్కన పెట్టి చూశాక, 1959లో గుట్టు బయటపడింది. మందును బయటికి పోయే రూపంలోకి మార్చే ఎంజైము పసికందు కాలేయంలో ఇంకా సరిగా పనిచేయదు, మూత్రపిండాలదీ అదే వరస. మందు రోజురోజుకూ రక్తంలో పేరుకుపోయింది. బరువు చూశారు గానీ కాలేయం వయసు చూసుకోలేదు.

అందుకే ఎవరైనా "కిలోకి ఇన్ని మిల్లీగ్రాములు" అని చటుక్కున తేల్చేస్తే ఆపి అడుగు: పుట్టి రెండ్రోజులైన బిడ్డకా, రెండేళ్ల బిడ్డకా?

మందులో కలిపే మిగతా సరుకునీ నమ్మకు. నిల్వ ఉండటానికి సెలైన్‌లో కలిపిన బెంజైల్ ఆల్కహాల్ వల్ల నెలలు నిండని పిల్లలు ఊపిరందక పోయారని 1982లో తేలింది.

కిలో బరువున్న బిడ్డ ఒంట్లో ఉన్న రక్తమంతా కలిపితే దాదాపు 90 మిల్లీలీటర్లు. శాంపిల్‌కి రెండేసి మిల్లీలీటర్లు అని రాసేవాళ్లు తగుల్తారు, మొహమాటపడకుండా కొట్టేయించు. సిరప్ రుచి చూడు, చేదైతే ఉమ్మేస్తారు. కొలత చెంచాల్లో రాయకు, గీతల సిరంజి ఇప్పించు. అర మిల్లీలీటరు రాసేటప్పుడు దశాంశ చుక్క ముందు సున్నా పెట్టకపోతే అయిదని చదివి పదింతలు పోస్తారు, జాగ్రత్త.

ఇంత భయపెట్టానని పిల్లల్లో పరీక్షలే వద్దంటున్నాననుకోకు తల్లీ. పరీక్షించని మందునీ వార్డులో ఎవరో ఒకరు అంచనా మీద ఇస్తూనే ఉంటారు, ఏమైందో ఎక్కడా రాసుకోరు. అంతకంటే నువ్వు కూర్చుని ఒక్కో బిడ్డ లెక్కా రాయడమే నయం. సంతకం తల్లిదండ్రులదే అయినా, ఏడేళ్ల పిల్లాడు వద్దని తల ఊపితే అదీ విను.

ప్రొటోకాల్, అదే పరీక్ష ఎలా చేయాలో రాసుకున్న కాగితం, చూపించమంటే కంపెనీ రహస్యం అంటావు. సరే, చూపించకు. మోతాదు పట్టికలో బరువు పక్కన వయసు గడి ఉందో లేదో మాత్రం ఫోన్ చేసి చెప్పు.

మీ పెదనాన్న