సీఆర్‌పీ సంతకం పెట్టేముందు ఇది చదువు చిన్నా

చిరంజీవి చిన్నాకి మావయ్య ఆశీస్సులు.

నువ్వు కూడా కాన్సస్‌లో పొలం కొన్నావని అక్క చెప్పింది. "సాగు చెయ్యకపోయినా గవర్నమెంటే డబ్బులిస్తుందటరా" అని తెగ మురిసిపోయింది. ఊరికే ఎవరిస్తారు చెప్పు? సీఆర్‌పీ అంటే కన్సర్వేషన్ రిజర్వ్ ప్రోగ్రామ్, 1985 ఫార్మ్ బిల్లుతో వచ్చిన స్కీము. కొట్టుకుపోయే నేలని సాగు మాన్పించి, గడ్డి పెంచి కాపాడితే ఎకరానికి ఇంతని ఏటా కౌలు ఇస్తారు. కాంట్రాక్టు పదేళ్ళ నుంచి పదిహేనేళ్ళు. అన్నాళ్ళూ కౌలుదారు గవర్నమెంటు, పాలేరువి నువ్వు.

అన్నిటికంటే ముందు ఒక అర్జెంటు పని. మీ ఆవిడ పేరు కూడా పొలం కాగితాల్లో వేయించావట. తనకింకా గ్రీన్‌కార్డు రాలేదు కదా? పౌరసత్వం గానీ గ్రీన్‌కార్డు గానీ లేనివాళ్ళు సాగుభూమిలో వాటా కొంటే 90 రోజుల్లో వ్యవసాయ శాఖకి తెలియజేయాలి. 1978 నాటి చట్టం. మరిచిపోతే పెనాల్టీ భూమి విలువలో పావు వంతు దాకా పడొచ్చు. రిజిస్ట్రేషన్ మార్చిలో అయింది, ఇప్పుడు మే. రోజులు లెక్కపెట్టుకో.

సీఆర్‌పీకి మాత్రం తొందర లేదు. కొన్న పొలం నీ పేరున ఏడాదైనా ఉంటే తప్ప తీసుకోరు. ఈలోగా ఆ పొలం కౌలుకి చేస్తున్న పెద్దాయనతో కూర్చుని మాట్లాడు. కౌలుదారుని లేపేసి స్కీములో పెట్టేద్దామంటే రూల్సే ఒప్పుకోవు. అయినా రూల్స్ సంగతి అలా ఉంచు, రేపు నీకు గడ్డి విత్తనం వేసే డ్రిల్లు కావాలన్నా, కలుపు కొట్టించాలన్నా దిక్కు ఆయనే. ఆయనకి చెప్పకుండా వ్యవసాయ శాఖ ఆఫీసుకెళ్తే సాయంత్రానికి ఆ ఊరి కాఫీ షాపంతా తెలిసిపోతుంది. మన రచ్చబండ ఏపాటి!

పొలం మొత్తం పెట్టెయ్యకు. మంచి నేల ఆయన్నే చేసుకోనీ. వాగు పక్కన గడ్డి పట్టీలాంటి వాటికి పోటీ ఉండదు. మామూలు సైనప్‌లో, అంటే అందరూ పోటీపడి అర్జీలు పెట్టే దాంట్లో అయితే మార్కులుంటాయి, తక్కువ కౌలుకి ఒప్పుకుంటే మార్కులు పెరుగుతాయి. డబ్బు ఏడాదికోసారి, అక్టోబర్‌లో. దాన్ని నమ్ముకుని ఈఎంఐలు పెట్టుకోకు.

నా సీఆర్‌పీ పొలం సంగతి చెప్తా, నవ్వకు. రెండో ఏడు జూన్‌లో పిచ్చిమొక్కలు నడుం దాకా లేచాయి. దారినపోయేవాళ్ళు చూస్తారని సిగ్గేసి గడ్డి కోసే మూవర్ ఎక్కా. రెండు సాళ్ళు కోశాక ఏదో టపటపా లేచిపోయింది. దిగి చూస్తే గడ్డి మధ్య అరచేతంత గుంట, అందులో ఫెజెంటు పిట్ట గుడ్లు. ముదురాకుపచ్చగా, గోధుమరంగు కలిసి. మూడు చితికిపోయాయి, మిగతావి ఇంకా వెచ్చగానే ఉన్నాయి. ఏప్రిల్ మధ్య నుంచి జూలై మధ్య దాకా గూళ్ళ కాలం, మూవర్ తాకించకూడదని నేను సంతకం పెట్టిన కాగితంలోనే ఉంది. చదివితేగా! ఆఫీసుకి నేనే వెళ్ళి చెప్పా. పేమెంటు కొంత కోశారు. ఆ గడ్డి కుదురుకోవడానికి రెండు మూడేళ్ళు పడుతుంది. అప్పటిదాకా పొలం అలాగే బీడులా కనిపిస్తుంది, కనిపించనీ.

మధ్యలో మనసు మారి బయటికొస్తే, అప్పటిదాకా తీసుకున్నదంతా వడ్డీతో కట్టాలి, పైన ఒక ఏడాది కౌలులో పావు వంతు జరిమానా. ఇల్లు కొనాలనో ఇండియా వెళ్ళిపోవాలనో ఆలోచన ఉంటే ఇప్పుడే చెప్పు.

పెద్దాయన దగ్గరికి మాత్రం గోధుమ కోతలయ్యాక వెళ్ళు. జూన్‌లో ఆయనకి తిండి తినే తీరిక కూడా ఉండదు.

మావయ్య