పొదుపు సంఘం బీహార్ దాకా ఎలా వెళ్లింది, ఓటు దాకా ఎలా వచ్చింది

మీరు అడిగింది ఇది: ఒక ప్రాంతంలో పుట్టిన ఆర్థిక ఆలోచన ఇంకో ప్రాంతానికి ఎలా పాకుతుంది, దానివల్ల అధికారం నిజంగా చేతులు మారుతుందా అని. నాకు దగ్గరగా తెలిసిన ఆలోచన ఒక్కటే, మహిళా పొదుపు సంఘం. మా అమ్మ 1993 నుంచి సంఘంలో ఉంది. 2009లో ఆ పద్ధతి నేర్పడానికి బీహార్ వెళ్లిన మన ఆడవాళ్ల వెంట నేను దుబాసీగా వెళ్లాను. హిందీ ప్రచార సభ వాళ్ల ప్రవీణ పరీక్ష పాసవడం నాకు అలా పనికొచ్చింది.

ఇదంతా బంగ్లాదేశ్ నుంచి వచ్చిందని చాలామంది అంటారు. ముహమ్మద్ యూనుస్ 1976లో జోబ్రా అనే ఊళ్లో చిన్న అప్పులతో మొదలుపెట్టారు, 1983లో గ్రామీణ్ బ్యాంకు పెట్టారు. కానీ మన దగ్గరికి వచ్చిన దారులు వేరే కూడా ఉన్నాయి. 1982లో కేంద్రం ఊళ్లలో ఆడవాళ్లను సంఘాలుగా కూర్చే డ్వాక్రా పథకం పెట్టింది. కర్ణాటకలో మైరాడా సంస్థ సంఘాలతో చేసిన పని చూసి, 1992లో వ్యవసాయ, గ్రామీణాభివృద్ధి బ్యాంకు నాబార్డ్ సంఘాలను బ్యాంకులకు కలపడం మొదలుపెట్టింది. మా నెల్లూరు జిల్లాలో మాత్రం దీనికి పునాది సారా పోరాటం. అక్షరాస్యత తరగతులకు వెళ్లిన ఆడవాళ్లు 1992లో దూబగుంటలో సారా అంగడి మూయించారు. అది జిల్లా అంతా పాకింది. 1993 అక్టోబరు 1న రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. సారాకు పోయే డబ్బులో రోజుకో రూపాయి దాచుకోండని అధికారులు ఊరూరా తిరిగి చెప్పారు. పొదుపు లక్ష్మి అన్నారు దాన్ని. మా అమ్మ పోపుడబ్బాలోంచి తీసి కట్టిన మొదటి రూపాయి అదే.

బంగ్లాదేశ్ పద్ధతికీ దీనికీ ఉన్న తేడా ముఖ్యం. అక్కడ బ్యాంకు అప్పిస్తుంది, సభ్యులు తీరుస్తారు. ఇక్కడ ముందు సొంత డబ్బు కూడబెట్టి, అందులోంచే ఒకరికొకరు ఇచ్చుకున్నారు. మా అమ్మ వాళ్ల సంఘం నూటికి రెండు రూపాయల వడ్డీకి ఇచ్చేది. తక్కువేం కాదు, కానీ ఆ వడ్డీ మళ్లీ సంఘం పెట్టెలోకే వచ్చేది. ఎవరికి ఇవ్వాలో, ఎవరికి ఆపాలో వాళ్లే కూర్చుని తేల్చేవాళ్లు. నా దృష్టిలో అధికారం అంటే అదే, లెక్కల పుస్తకం తమ దగ్గర ఉండటం.

రాజకీయం ఇందులోకి రావడానికి ఎంతోకాలం పట్టలేదు. 1994లో ఎన్టీఆర్ మద్యనిషేధం మాటిచ్చి గెలిచారు. అంతకుముందు ఊళ్లో ఓట్లు కావాలంటే నాయకులు ఒకరిద్దరు పెద్దమనుషుల ఇళ్లకు వెళ్లేవారు. సంఘాలు వచ్చాక, మండలంలోని సంఘాలన్నీ కలిసిన మండల సమాఖ్య సమావేశంలో మాట్లాడితే ప్రతి ఊరికీ, ప్రతి వంటింటికీ మాట చేరేది. పెద్దమనిషి అవసరం తగ్గింది. చంద్రబాబు నాయుడు దీన్ని గుర్తించి డ్వాక్రాను ఊరూరికీ తీసుకెళ్లారు. 2000లో ప్రపంచ బ్యాంకు సాయంతో, పేదరికం తగ్గించడానికి వెలుగు పథకం వచ్చింది. 2004 తర్వాత వై.ఎస్. రాజశేఖరరెడ్డి పావలా వడ్డీ తెచ్చారు. పార్టీ మారినా సంఘాన్ని ఎవరూ వదల్లేదు.

అదే సంఘాల మీదికి చిన్న చిన్న అప్పులిచ్చే సూక్ష్మరుణ కంపెనీలు కూడా వచ్చాయి. ఊళ్లో ఆడవాళ్లకు గుంపుగా కూర్చోవడం, ఒకరికొకరు పూచీ ఉండటం అప్పటికే అలవాటు. మా పిన్ని ఒక కంపెనీ నుంచి తీసుకుని, దాన్ని తీర్చడానికి ఇంకో కంపెనీకి వెళ్లింది. వారం తప్పితే వాళ్ల మనిషి గుమ్మంలో కూర్చుని, తోటి సభ్యుల్ని పిలిపించి తిట్టించేవాడు. ఏళ్ల తరబడి కలిసి పొదుపు చేసిన ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకోలేకపోయారు. 2010 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చి వారం వసూళ్లు ఆపించింది. ఆ వెంటనే రిజర్వు బ్యాంకు మాలేగాం కమిటీ వేసింది, 2011లో ఆ కంపెనీలకు దేశమంతటికీ నిబంధనలు వచ్చాయి. ఒక రాష్ట్రంలో పడ్డ దెబ్బ ఢిల్లీ చట్రాన్ని మార్చింది.

ఇక బీహార్. అక్కడ 2006లో మహిళా సంఘాల పథకం జీవికా మొదలైంది. మేం గయ జిల్లాలో నెలన్నర ఉన్నాం. ఆలోచనలు నివేదికల్లో ప్రయాణం చేస్తాయని అప్పటిదాకా అనుకునేదాన్ని. నేను చూసింది వేరు. మా బృందంలో అనంతపురం నుంచి వచ్చిన వెంకటమ్మక్క నేల మీద గుండ్రంగా కూర్చోబెట్టి, ముందు అందరినీ పేరు చెప్పమనేది. చాలామంది ఫలానావాడి తల్లిని అనేవాళ్లు. ‘‘నీ పేరు చెప్పమ్మా, పుస్తకంలో నీ పేరే రాయాల’’ అని అక్క తెలుగులోనే అనేది. నేను తర్జుమా చేసేలోపే వాళ్లకు అర్థమైపోయేది. అక్క తన చీర కొంగు చూపించి, ‘‘అప్పట్లో దీంట్లో పది రూపాయలు ముడి వేయనీకి భయపడేదాన్ని’’ అంది. ఒకామె ముసుగు పక్కకు జరిపి పేరు చెప్పింది. తర్వాత అంతా చెప్పారు. ఏ అధికారి చెప్పినా అలా వినేవాళ్లు కాదని నా నమ్మకం. తమలాంటి మనిషి ఆ భయం దాటి వచ్చిందని కళ్లారా చూశారు. 2011లో మొదలైన జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్ కూడా ఇలా మనుషుల్ని పంపే పద్ధతినే తీసుకుంది.

2015 జులైలో పాట్నాలో ఒక సభలో సంఘాల ఆడవాళ్లు లేచి మద్యం ఆపమని నీతీశ్ కుమార్‌ను అడిగారు. 2016 ఏప్రిల్‌లో బీహార్‌లో నిషేధం వచ్చింది. ఆ వార్త విన్నరోజు నాకు దూబగుంట గుర్తొచ్చింది.

డబ్బులిస్తే ఓట్లు పడతాయా అని కూడా అడిగారు కదా. 2019 ఎన్నికల ముందు తెలుగుదేశం ప్రభుత్వం పసుపు కుంకుమ పథకం కింద సంఘంలో మనిషికి పది వేలకు మూడు చెక్కులిచ్చింది. ఆ ఎన్నికల్లో తెలుగుదేశానికి వచ్చినవి 23 స్థానాలు. తర్వాత వచ్చిన వైఎస్సార్‌సీపీ ప్రభుత్వం ఆసరా పేరుతో సంఘాల అప్పును నాలుగు విడతల్లో కట్టింది. 2024లో ఆ పార్టీకి 11 వచ్చాయి. 2025లో బీహార్‌లో ఎన్నికల ముందు ఆడవాళ్ల ఖాతాల్లో అదే పది వేలు వేశారు, అక్కడ అధికార కూటమి 243కి 202 గెలిచింది. ఒక్క పది వేలతో లెక్క తేలదు. మా అమ్మ వాళ్లు 2014లో తెలుగుదేశం ఇచ్చిన రుణమాఫీ మాట నమ్మి అప్పు కట్టడం ఆపారు, వడ్డీ పేరుకుంది, చివరికి బ్యాంకు సంఘం పొదుపులోంచే కోసుకుంది. 2019లో చెక్కు తీసుకుని అమ్మ అంది: ‘‘ఇది మా డబ్బే మే, తిరిగొచ్చింది.’’

గయలో ఆరోజు మొదట పేరు చెప్పినామె ఇప్పటికీ ఫోన్ చేస్తుంది. పది వేలు పడ్డాయని సంతోషంగా చెప్పింది. సంఘం పుస్తకం ఎవరు రాస్తున్నారని అడిగాను. ఇప్పుడు ఎవరూ రాయట్లేదట. అంతా ఫోన్లో ఎక్కిస్తారని, తనకు అది చూడటం రాదని చెప్పింది. మా అమ్మ సంగతీ అంతే.