ఫోన్ నుంచి ప్రింట్ వస్తోంది, లాప్‌టాప్‌లో మాత్రం ప్రింటర్ ఆఫ్‌లైన్

రౌటర్ మార్చినప్పటి నుంచి ఇలా అవుతోందనీ, డ్రైవర్ (ప్రింటర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) తీసేసి మళ్లీ వేసినా మారలేదనీ రాశారు. ఫోన్ నుంచి పేజీ వస్తోందంటే ప్రింటర్ బాగానే ఉంది, వైఫై కూడా అందుతోంది. చూడాల్సింది లాప్‌టాప్‌లో, అదీ డ్రైవర్ కాదు, పోర్ట్, అంటే ప్రింట్ ఎక్కడికి పంపాలో చెప్పే సెట్టింగ్. మా ఇంట్లో కొత్త రౌటర్ పెట్టినప్పుడు అచ్చం ఇదే జరిగింది.

ఇంట్లోని ప్రతి పరికరానికీ ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో దాన్ని గుర్తించే నంబరు) ఇచ్చేది రౌటరే. రౌటర్ మారితే ఆ అడ్రస్ కూడా మారిపోవచ్చు. ఫోన్ మామూలుగా ప్రింటర్‌ని నెట్‌వర్క్‌లో అప్పటికప్పుడు వెతుక్కుంటుంది. విండోస్‌లో టీసీపీ/ఐపీ పోర్ట్ (ఐపీ అడ్రస్‌తో పనిచేసే పోర్ట్) ఉంటే మాత్రం మొదట్లో రాసుకున్న అడ్రస్‌కే పంపుతూ ఉంటుంది. మా ప్రింటర్ తెర మీద 192.168.1.14 అని ఉంటే లాప్‌టాప్ పోర్ట్‌లో 192.168.0.7 కనిపించింది. డ్రైవర్ తీసేసినా పాత పోర్ట్ ఒక్కోసారి అలాగే ఉండిపోతుంది.

ముందు ప్రింటర్ నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో ఐపీ చూడండి. తెర లేని మోడల్ అయితే నెట్‌వర్క్ వివరాల పేజీ ప్రింట్ తీయొచ్చు. తర్వాత లాప్‌టాప్‌లో 'ప్రింటర్ ప్రాపర్టీస్' తెరిచి (ప్రిఫరెన్సెస్ కాదు, చాలామంది అక్కడే తికమక పడతారు) 'పోర్ట్స్' ట్యాబ్‌లో 'యాడ్ పోర్ట్' నొక్కి, 'స్టాండర్డ్ టీసీపీ/ఐపీ పోర్ట్' ఎంచుకుని ఆ అడ్రస్ ఇవ్వండి. ఇప్పుడున్న పోర్ట్ పేరు డబ్ల్యూఎస్‌డీ (WSD, ప్రింటర్‌ని విండోస్ తనే వెతుక్కునే పద్ధతి)తో మొదలైనా ఇలాగే మార్చేయండి, నా అనుభవంలో టీసీపీ/ఐపీ పోర్టే నిలకడగా పనిచేస్తుంది. అడ్రస్ సరిగ్గా ఉండీ ఇంకా ఆఫ్‌లైన్ అంటుంటే, 'కాన్ఫిగర్ పోర్ట్'లో 'ఎస్‌ఎన్‌ఎంపీ స్టేటస్ ఎనేబుల్డ్' (SNMP, ప్రింటర్ స్థితిని విండోస్ అడిగి తెలుసుకునే పద్ధతి) దగ్గర టిక్ తీసి చూడండి.

ఇక్కడితో వదిలేయొద్దు, అడ్రస్ మళ్లీ మారితే ఈ తిప్పలన్నీ మళ్లీ పడాలి. రౌటర్ సెట్టింగ్స్ పేజీలో డీహెచ్‌సీపీ రిజర్వేషన్ (ఒక పరికరానికి ఎప్పుడూ ఒకే ఐపీ ఇచ్చే ఏర్పాటు) అని ఉంటుంది. ప్రింటర్ మ్యాక్ అడ్రస్‌కి (పరికరానికి తయారీలోనే ఇచ్చే గుర్తింపు నంబరు) ఆ ఐపీని అక్కడ కేటాయించండి. నేను ఆ పని చేశాక కరెంటు పోయి వచ్చినా ప్రింటర్ అదే అడ్రస్‌తో లేస్తోంది.

ప్రింటర్ ఐపీ 169.254తో మొదలైతే దారి వేరు: దానికి రౌటర్ నుంచి అడ్రసే అందలేదు. అప్పుడు లాప్‌టాప్ జోలికి పోకుండా ప్రింటర్‌ని మళ్లీ వైఫైకి కలపాలి. చాలా ప్రింటర్లు 2.4 గిగాహెర్ట్జ్ మీదే పనిచేస్తాయి కాబట్టి రౌటర్‌లో ఆ బ్యాండ్ ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి. లాప్‌టాప్ గెస్ట్ నెట్‌వర్క్‌లో ఉన్నా, ఆఫీసు వీపీఎన్ ఆన్‌లో ఉన్నా ప్రింటర్ దానికి కనిపించకపోవచ్చు.

పోర్ట్‌లో ఏ అడ్రస్ ఉందో, ప్రింటర్ ఏది చూపిస్తోందో రెండూ ఇక్కడ రాయండి, చూసి చెబుతాను.