కొత్త పీసీలో గేమ్స్ సరిగ్గా ఆడట్లేదా? ర్యామ్ కొనేముందు ఇవి చూడండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. విశాఖ మధురవాడలో ఉంటున్నారు, పీసీ కొని నెల కూడా కాలేదు. రైజెన్ 5 7600 ప్రాసెసర్, ఆర్‌టీఎక్స్ 4060 కార్డు, 16 జీబీ డీడీఆర్5 ర్యామ్, 144 హెర్ట్జ్ (సెకనుకి 144 సార్లు బొమ్మ మార్చే) మానిటర్. వాలరెంట్ గేమ్ 60 ఎఫ్‌పీఎస్ (సెకనుకి వచ్చే బొమ్మల సంఖ్య) దాటట్లేదు. సైబర్‌పంక్ 2077లో ఊళ్లో కారు తోలుతుంటే బొమ్మ ఆగి ఆగి కదులుతోంది. షాపులో అడిగితే "ఇంకో 16 జీబీ వేయించుకో, సెట్ అయిపోద్ది" అన్నారు. ఇంట్లో మళ్లీ డబ్బులడగడానికి మొహం చెల్లట్లేదు.

అడగొద్దు. ఇప్పటికైతే ఒక్క రూపాయి కూడా పెట్టొద్దు. మీ సామాను మంచిదే, వాలరెంట్ దానికి లెక్కలోది కాదు. కొత్త పీసీ నెమ్మదిగా ఉందంటే నేను చూసినవాటిలో చాలావరకు పార్టు చేతకానిదై కాదు, దాన్ని పూర్తిగా పనిచేయనిచ్చే సెట్టింగ్ ఎవరూ ఆన్ చేయకపోవడం వల్ల. ఇంకోమాట, మీరు చెప్పినవి రెండు వేర్వేరు సమస్యలు. వాలరెంట్‌ది ఒక రోగం, సైబర్‌పంక్‌ది ఇంకోటి. షాపతను రెండింటికీ ఒకే మందు రాసిచ్చాడు.

ముందు వాలరెంట్. 45కీ 70కీ మధ్య ఊగుతోందని చెప్పుంటే వేరే సంగతి. మీరు 60 దాటట్లేదన్నారు. సరిగ్గా 60 దగ్గర గోడ కట్టినట్టు ఆగిందంటే ఎవరో ఆపుతున్నారని అర్థం. 144 హెర్ట్జ్ మానిటర్ కొన్నంత మాత్రాన విండోస్ దాన్ని 144లో నడపదు, చాలాసార్లు 60లోనే వదిలేస్తుంది. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో డిస్‌ప్లే, కిందకి వెళ్తే అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే ఉంటుంది. అక్కడ రిఫ్రెష్ రేట్ ఎంతుందో చూడండి. 60 ఉంటే 144 పెట్టండి. లిస్టులో 144 కనిపించకపోతే కేబుల్ మీద అనుమానపడాలి. హెచ్‌డీఎంఐ తీసేసి డిస్‌ప్లేపోర్ట్ కేబుల్ పెట్టండి, చాలా మానిటర్లకి అది డబ్బాలోనే వస్తుంది. తర్వాత గేమ్ లోపల వీసింక్ (గేమ్ స్పీడ్‌ను మానిటర్ రేటుకి కట్టేసే సెట్టింగ్) ఆఫ్ చేయండి, ఫ్రేమ్ రేట్ లిమిట్ ఏమైనా ఉంటే తీసేయండి. ఎన్‌విడియా కంట్రోల్ ప్యానెల్‌లో కూడా మ్యాక్స్ ఫ్రేమ్ రేట్ అని ఒకటుంటుంది, దాన్నీ చూడండి.

అదే పనిలో పీసీ వెనక్కి వెళ్లి మానిటర్ కేబుల్ ఎక్కడ గుచ్చారో చూడండి. గాజువాకలో మా పిన్ని కొడుకు పీసీ కొన్న కొత్తలో అందరం కలిసి విండోస్ మళ్లీ వేద్దామా, కార్డు మార్పిద్దామా అని తెగ చర్చించాం. తీరా చూస్తే కేబుల్ మదర్‌బోర్డు పోర్టులో ఉంది. కొత్త గ్రాఫిక్స్ కార్డు పోర్టులకి చిన్న ప్లాస్టిక్ మూతలుంటాయి. ఖాళీగా, రమ్మని పిలుస్తున్నట్టు కనిపించేది పైన యూఎస్‌బీల పక్కనున్న మదర్‌బోర్డు పోర్టే. మనిషన్నవాడు అందులోనే పెడతాడు. మీ 7600లో చిన్న గ్రాఫిక్స్ చిప్ ప్రాసెసర్‌లోనే ఉంది కాబట్టి అక్కడ పెట్టినా బొమ్మ వస్తుంది, ఎవరికీ అనుమానం రాదు. పాత రైజెన్ 5 5600 ప్రాసెసర్ అయితే స్క్రీన్ నల్లగా ఉండి మొదటిరోజే దొరికిపోయేది. ఇంకో తిరకాసు కూడా ఉంది. విండోస్ కొన్నిసార్లు గేమ్‌ను పెద్ద కార్డు మీదే నడిపి, బొమ్మను మాత్రం మదర్‌బోర్డు గుండా బయటికి పంపుతుంది. అప్పుడు గేమ్ పర్లేదన్నట్టు ఆడుతుంది, పూర్తి స్పీడ్ మాత్రం రాదు. కాబట్టి "ఆడుతోందిగా" అని వదిలేయొద్దు. కేబుల్ కిందివైపు అడ్డంగా ఉన్న పోర్టుల వరుసలోనే ఉండాలి.

వాలరెంట్ గొడవ ఇక్కడితో తీరిపోతుందని నా గట్టి నమ్మకం. సైబర్‌పంక్‌కి కాస్త ఓపిక కావాలి.

గేమ్ నడుస్తుండగా ఏ పార్టు చెమటోడుస్తోంది, ఏది ఖాళీగా కూర్చుంది అని ముందు తెలియాలి. ఎన్‌విడియా యాప్ ఉంటే ఆల్ట్, ఆర్ కలిపి నొక్కండి, ఎఫ్‌పీఎస్, కార్డు వాడకం స్క్రీన్ మూల కనిపిస్తాయి. కార్డు వాడకం 95 శాతం పైన ఉంటే కార్డు తన శక్తికొద్దీ పనిచేస్తోందన్నమాట. అప్పుడు మీరు దాన్ని మరీ ఎక్కువ అడుగుతున్నారు. గేమ్ సెట్టింగ్స్‌లో రే ట్రేసింగ్ (వెలుగునీడలను నిజంలా చూపేది) ఆపేయండి, డీఎల్ఎస్ఎస్ (చిన్న బొమ్మ గీసి పెద్దది చేసి కార్డు భారం తగ్గించేది) క్వాలిటీలో పెట్టండి, టెక్స్చర్లు (వస్తువుల పైపొర బొమ్మలు) ఒక మెట్టు దించండి. 4060లో ఉన్నది 8 జీబీ వీర్యామ్, అంటే కార్డు సొంత మెమరీ. అది నిండితే సగటు ఎఫ్‌పీఎస్ బాగానే కనిపిస్తూ మధ్యమధ్యలో గట్టి కుదుపులు వస్తాయి. మీరు చెప్పిన లక్షణం దానికి దగ్గరగానే ఉంది.

కార్డు 50, 60 శాతంలో ఉండి ఎఫ్‌పీఎస్ కూడా తక్కువగా ఉంటే, కార్డు ఎవరికోసమో ఎదురుచూస్తోంది. ఆ ఎవరో ప్రాసెసర్ కావచ్చు, ర్యామ్ కావచ్చు. ఇక్కడ చాలామంది టాస్క్ మేనేజర్ తెరిచి "సీపీయూ 30 శాతమే ఉంది, దానికేం" అనుకుంటారు. ఆ అంకెను నమ్మకండి. 7600లో 6 కోర్లు, 12 థ్రెడ్లు, అంటే ఒకేసారి 12 పనులు నడిపే దారులు. గేమ్‌లో ముఖ్యమైన పనంతా ఒక థ్రెడ్ మీద పడి అది నూటికి నూరు నిండిపోయినా, మొత్తం లెక్కలో అది 8 శాతం చిల్లరే. గ్రాఫ్ మీద రైట్ క్లిక్ చేసి లాజికల్ ప్రాసెసర్లు విడివిడిగా చూపించమంటే అసలు రంగు బయటపడుతుంది.

సాఫ్ట్‌వేర్ ఏదీ లేకుండా చేసే పరీక్ష ఇంకా తేలిక. గేమ్‌లో ఒకేచోట నిలబడి ఎఫ్‌పీఎస్ చూసుకోండి. గ్రాఫిక్స్ సెట్టింగ్స్ అన్నీ 'లో' (అన్నిటికంటే తక్కువ)కి దించి, రిజల్యూషన్ కూడా తగ్గించి మళ్లీ చూడండి. ఎఫ్‌పీఎస్ ఎగిరితే ఆపుతున్నది గ్రాఫిక్స్ కార్డు. ఉన్నచోటే ఉంటే ప్రాసెసరో, ర్యామో, ఎక్కడో పెట్టిన లిమిటో. కార్డు మార్చమని ఎవరు సలహా ఇచ్చినా ముందు ఇది చేయమంటాను.

ఇప్పుడు ర్యామ్. షాపతను చెప్పింది పూర్తిగా తప్పని అనను, సగం నిజముంది. టాస్క్ మేనేజర్‌లో మెమరీ నొక్కితే స్పీడ్, వాడిన స్లాట్లు కనిపిస్తాయి. మీది 16 జీబీ ఒకే స్టిక్ అయ్యుంటుందని నా అనుమానం. మన దగ్గర షాపుల్లో "తర్వాత పెంచుకోవచ్చు" అని ఒకటే వేసివ్వడం మామూలే. ఒకే స్టిక్ ఉంటే ప్రాసెసర్‌కీ ర్యామ్‌కీ మధ్య దారి సగమే తెరిచినట్టు. సైబర్‌పంక్‌లో వేగంగా కారు తోలేటప్పుడు ఆ ఇరుకు తెలుస్తుంది. అంటే రెండో స్టిక్ వల్ల లాభముంటే అది ఎక్కువగా రెండో దారి తెరుచుకోవడం వల్ల, 32 జీబీ అయినందుకు కాదు. ఈ తేడా ఎందుకు చెబుతున్నానంటే, అసలు మొదట్లోనే రెండు 8 జీబీలు వేసుంటే సరిపోయేది.

కొనేముందు ఉచితంగా అయ్యే పని ఇంకోటుంది. స్టిక్ మీద 5600 అనో 6000 అనో రాసుంటుంది, టాస్క్ మేనేజర్‌లో మాత్రం 4800 కనిపిస్తుంది. రాసిన స్పీడ్ దానంతటది రాదు, బయాస్‌లో (విండోస్ కంటే ముందు వచ్చే మదర్‌బోర్డు సెట్టింగ్స్) ఎక్స్‌పో అనే ర్యామ్ స్పీడ్ సెట్టింగ్ ఆన్ చేయాలి. ఇంటెల్ వైపు దీన్నే ఎక్స్ఎంపీ అంటారు. పీసీ ఆన్ అవుతుండగా డిలీట్ బటన్ నొక్కుతూ ఉంటే చాలా బోర్డుల్లో బయాస్ తెరుచుకుంటుంది. అయితే ఒక హెచ్చరిక. మీ రకం ప్రాసెసర్, బోర్డుల్లో ర్యామ్ సెట్టింగ్ మార్చాక మొదటిసారి ఆన్ చేస్తే స్క్రీన్ చాలాసేపు, ఒక్కోసారి కొన్ని నిమిషాలపాటు నల్లగానే ఉంటుంది. అది ర్యామ్‌ను పరీక్షించుకుంటోంది. టెన్షన్ పడి పవర్ బటన్ నొక్కేయకండి. టీ పెట్టుకుని రండి.

బయాస్ పాతదైతే ఎక్స్‌పోకి ముందు దాన్ని అప్‌డేట్ చేయడం మంచిది. 2023లో కొన్ని రైజెన్ 7000 చిప్‌లు, ముఖ్యంగా పేరు చివర ఎక్స్3డీ అని ఉండే రకాలు, కాలిపోయిన వార్తలు వచ్చాక బోర్డు కంపెనీలు కొత్త బయాస్‌లలో ఎస్ఓసీ వోల్టేజీ (ప్రాసెసర్‌లో ఒక భాగానికి వెళ్లేది) 1.3 వోల్టులు దాటకుండా కట్టడి చేశాయి. అప్‌డేట్ అవుతుండగా కరెంటు పోతే మాత్రం బోర్డు ప్రాణం మీదకొస్తుంది. యూపీఎస్ మీద పెట్టుకుని చేయండి, గాలివాన రోజు అసలు ముట్టుకోవద్దు. మన తీరంలో అక్టోబరు, నవంబరు సంగతి మీకు చెప్పనక్కర్లేదు.

వేడి విషయం నాకే అనుభవం. నాది ఐ5 12400, ద్వారకానగర్‌లో అసెంబుల్ చేయించి ఆటోలో ఎంవీపీ కాలనీకి తెచ్చుకున్నాను. గేమ్ మొదలుపెట్టిన కాసేపు అద్భుతంగా ఆడేది, తర్వాత ఒక్కసారిగా కూలబడేది. ఆపి, చల్లారాక మళ్లీ పెడితే మళ్లీ అదే కథ. ఇలా టైమ్ ప్రకారం పడిపోతుంటే మొట్టమొదట వేడినే అనుమానించాలి. వేడి, స్పీడ్ చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్ వేసి చూస్తే టెంపరేచర్ 100 తాకుతోంది, 4 గిగాహెర్ట్జ్‌లో ఉండాల్సిన స్పీడ్ అందులో సగానికి జారుతోంది. మూత తీసి చూస్తే కూలర్‌ను పట్టి ఉంచే నాలుగు ప్లాస్టిక్ పిన్నుల్లో ఒకటి పైకి లేచి ఉంది. షాపులో సరిగ్గా నొక్కలేదో, ఆటో కుదుపులకు ఊడిందో. ప్రాసెసర్‌కీ కూలర్‌కీ మధ్య రాసే పేస్ట్ తుడిచి కొత్తది రాసి, నాలుగూ క్లిక్‌మనేదాకా నొక్కాక ఆ గొడవ మళ్లీ రాలేదు.

మీ ప్రాసెసర్‌తో వచ్చే కూలర్ స్క్రూలతో బిగించేది, కాబట్టి ఈ పిన్నుల బాధ మీకు లేదు. విడిగా కొన్న కూలర్ అయితే అడుగున ప్లాస్టిక్ పొర పీకారో లేదో అడగండి. రైజెన్ 7000 వాటికి 95 డిగ్రీలు గరిష్ఠ హద్దు, అక్కడిదాకా వెళ్లినా పాడవకుండానే తయారుచేశారు. అందుకని టెంపరేచర్ ఒక్కటే చూసి కంగారుపడకుండా, పక్కనే క్లాక్ స్పీడ్ పడిపోతోందా అని చూడండి. మే నెల మధ్యాహ్నం ఏసీ లేని గదిలో, కంప్యూటర్ టేబుల్ కింది గూట్లోకి క్యాబినెట్ తోసేస్తే ఏ కూలర్ అయినా ఓడిపోతుంది. బయటికి లాగి, వెనక గోడకి జానెడు జాగా వదలండి. సముద్రగాలికి పాడైందని కొందరు అంటారు. ఉప్పుగాలి స్క్రూలను తుప్పు పట్టిస్తుంది నిజమే, కానీ అది ఏళ్లమీద జరిగే పని, నెలలో కాదు.

మిగతావి గబగబా. గేమ్ ఎస్ఎస్‌డీలో ఉందా, పాత హార్డ్ డిస్క్‌లో పడిందా చూడండి. డిస్క్‌లో ఉంటే కారు తోలేటప్పుడు కుదుపులు ఖాయం. డ్రైవర్ విండోస్ దానంతటది వేసింది కాకుండా ఎన్‌విడియా సైట్ నుంచి కొత్తది వేయండి. కొత్త గేమ్ లేదా కొత్త డ్రైవర్ వేశాక మొదటి అరగంట కొద్దిగా తడబడటం సహజం, షేడర్లు (బొమ్మ గీయడానికి కార్డు వాడే చిన్న ప్రోగ్రాములు) తయారవుతుంటాయి. వాలరెంట్‌లో ఎఫ్‌పీఎస్ బాగుండి మనిషి మాత్రం అటూఇటూ గెంతుతుంటే అది నెట్ సమస్య. సర్వర్ ముంబైది ఎంచుకుని, వైఫై బదులు లాన్ వైరు పెట్టండి. దానికి ర్యామ్ ఎంత వేసినా ఉపయోగం లేదు.

క్యాబినెట్‌కి వారంటీ స్టిక్కర్ అంటించి ఉంటే మూత తీసేముందు షాపుకి ఫోన్ చేసి చెప్పండి, లేదా వాళ్ల ముందే తీయించండి. ఇవన్నీ చేశాక కూడా కార్డు ఖాళీగా ఉండి సైబర్‌పంక్ కుదుపులు తగ్గకపోతే, అప్పుడు రెండో స్టిక్ గురించి మాట్లాడండి. కొంటే ఉన్నదానిలాంటిదే, అదే కంపెనీ, అదే స్పీడ్ అయ్యుండాలి. ఇంకా మంచిది, కొని నెల కాలేదు కదా, ఈ స్టిక్ వెనక్కి తీసుకుని 8 జీబీలు రెండున్న కిట్ ఇమ్మని అడిగి చూడండి, తేడా డబ్బులేవో తేల్చుకోవచ్చు. నాలుగు స్లాట్ల బోర్డైతే ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండోది, నాలుగోది వాడాలి. పక్కపక్కన పెట్టిస్తే కొన్న ఫలితం ఉండదు.